కొండ కింది ఇటుకల ఇల్లు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం మా బిల్డింగులో ఫైర్ అలారం మోగింది. ఫర్వానియాలో మేముండేది ఐదో అంతస్తు. పొయ్యి ఆర్పి, చెప్పులేసుకుని తలుపు తీసేసరికి నడవలో ఒక్క మనిషి లేడు. ఎదురు ఫ్లాట్లో ఉండే గోదావరి జిల్లా ఆవిడ తలుపు సందులోంచి చూసి, "ఎక్కడికండీ? ఊరికే మోగుద్దండి అది. ఎవరో సాంబ్రాణి పొగ పెట్టుంటారు" అంది.

"అయినా ఒకసారి దిగుదాం రండి" అన్నాను.

"పులుసు పొయ్యి మీదుందండి" అని తలుపేసుకుంది.

ఐదంతస్తులూ ఒక్కదాన్నే దిగాను. కింద హారిస్, బిల్డింగు కాపలా మనిషి, కుర్చీలోంచి లేవకుండానే చెయ్యూపాడు. "మాఫీ ముష్కిలా" అన్నాడు. ఏ ఇబ్బందీ లేదని. నిజంగానే ఏమీ లేదు. మూడో అంతస్తులో ఎవరో బొగ్గుల మీద బుఖూర్ ధూపం వేశారట. కాసేపటికి మోత ఆగిపోయింది. ఎండలో ఫుట్‌పాత్ గట్టు మీద అట్లాగే కూర్చుండిపోయాను. ఇంత పెద్ద బిల్డింగులోంచి దిగింది నేనొక్కదాన్నే. చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు.

మోత వినబడితే బయటికి రావాలని నాకు పదకొండేళ్లప్పుడు ఒక పెద్దాయన నేర్పాడు. ఆయన మా రాయచోటి వైపు మనిషి కాదు. జావా కొండల్లో ముప్ఫై ఇళ్ల ఊరొకటి ఉంటే, దానికి పెద్ద.

మాది దూదేకుల ఇల్లు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ పోయింది. నాయన కువైట్‌లో, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాడు. అదే ఇంట్లో పనిచేసే ఇండోనేషియా ఆమెను రెండేళ్లకు నిఖా చేసుకున్నాడు. ఆ మాట విని మా జేజి, అంటే నాయనమ్మ, మూడు రోజులు అన్నం ముట్టలేదు. మరుసటేడు జేజి కూడా పోయింది. అప్పటికి చిన్నమ్మ కాన్పుకని జావాలోని వాళ్ల ఊరు చేరుకుని ఉంది. మా ఊళ్లో నన్ను చూసుకునేవాళ్లు లేరు. నాయన సెలవు పెట్టి వచ్చి, నన్ను విమానమెక్కించి, రెండు బస్సులు మార్చి ఆ ఊరికి తీసుకుపోయాడు.

"ఆరు నెల్లు ఈడుండు పాపా. నేను ఆడ ఉండేదానికి ఇఖామా కాగితాలు చేపిచ్చి మీ ఇద్దర్నీ పిలిపిచ్చుకుంటా. మీ చిన్నమ్మ మంచిది. ఏడవద్దు" అని చెప్పి నాలుగో రోజు బస్సెక్కి వెళ్లిపోయాడు. నేను ఏడవలేదు. రోడ్డు మలుపు దాకా బస్సు వెంట నడిచి తిరిగి వచ్చాను.

చిన్నమ్మది నాయన దగ్గర నేర్చుకున్న తెలుగు. మగవాడి దగ్గర నేర్చుకున్నందుకో ఏమో, ఆమెకు అన్నీ మగవాళ్లే. "వాన వస్తాడు, బట్టలు తియ్యి" అనేది. "కోడి యాడికి పోయినాడు?" అని అడిగేది. మధ్యలో పద అనడానికి యల్లా, అయిపోయింది అనడానికి ఖలాస్ అని అరబ్బీ మాటలు కలిపేది. మొదటి వారం ఆ మాటలకు నవ్వుతూనే నా భయం తగ్గింది. నాకు సంగటి మీద మనసు పోతుందని, కర్రపెండలం పిండి ఉడికించి ముద్ద చేసి పెట్టింది. జిగటగా చేతికి అంటుకుపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని తినేశాం. రెండు నెలలకు వాళ్ల మాటలు నాకు పట్టుబడ్డాయి. ఇప్పుడు తలుచుకుంటే మాత్రం ఆ ఊరివాళ్లంతా మా సీమ మాటల్లోనే మాట్లాడినట్టు గుర్తుకొస్తుంది.

ఊరంటే ఒక కొండ వాలు. కింద మెట్లు మెట్లుగా వరి మళ్లు, పైన తేయాకు తోట. మధ్యలో వెదురు దడుల ఇళ్లు. ప్రతి ఇంటి వెనకా ఒక చేపల గుంట, దానిలోకి కొండ ఊట నీళ్లు వెదురు గొట్టంలోంచి పగలూ రాత్రీ పడుతుండేవి. ఎటుపోయినా తడిసిన వెదురు వాసన, కిరసనాయిలు వాసన, మగవాళ్లు తాగే లవంగాల సిగరెట్ల వాసన. ఎండు చేపలు కాల్చి, పచ్చి ఆకులు, రొయ్యల కారం నంజుకుని తినేవాళ్లు.

ఆ ముప్ఫై ఇళ్లలో ఇటుకలతో కట్టింది చిన్నమ్మ ఇల్లొక్కటే. కిటికీలకు ఇనుప ఊచలు, తలుపుకు రెండు తాళాలు, తెల్ల పలకల నేల. "ఏడేళ్లు వాళ్ల నేల తుడిచినా. అదే ఈ నేల" అనేది. పొట్ట పెరుగుతున్నా రోజూ వంగి ఆ పలకలు తుడిచేది. ఇల్లు దగ్గరుండి కట్టించింది వాళ్ల అన్న. నేను మామ అని పిలిచేదాన్ని. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఎగతాళి చేస్తూ ఉండే మనిషి. ఇంటి వెనక వాకిలి చదునుగా, పెద్దగా రావాలని ఆయన కొండ అంచును నిట్టనిలువుగా తవ్వించాడు. వంటింటి తలుపు తీస్తే ఎదురుగా ఎర్రమట్టి గోడలా కొండ నిలబడి ఉండేది.

"కొండ కాలు నరికినావు. ఇంగ అది యాడ నిలబడుతుంది?" అని ఊరి పెద్దాయన మామను అందరి ముందూ అడిగాడట. మామ నవ్వి, "మా నాయన భూమి, నా చెల్లెలి దుడ్లు, కొండకేమి నొప్పి?" అన్నాడట. ఆ భూమి మీద అన్నాచెల్లెళ్లకు మాట పట్టింపు ఉందని కూడా అప్పుడే విన్నాను. కాగితం చిన్నమ్మ పేరు మీద ఉంది. సగం నాదేనని మామ టీ అంగడి దగ్గర అనేవాడు.

ఆ ఏడు అందరి భయం మాత్రం కొండ గురించి కాదు, దొంగల గురించి. పక్క ఊళ్లో రెండు దున్నలను తోలుకుపోయారు. అడ్డం పోయిన మనిషి చెయ్యి నరికారు. దాంతో మా ఊళ్లో కావలి గట్టిగా పెట్టారు. ఊరి నడుమ ఒక కావలి పాక. దాని చూరుకు మనిషి తొడంత లావు వెదురు బొంగు వేలాడుతుండేది. నిలువునా చీల్చిన సందు, పక్కనే కొట్టడానికి కర్ర. నేను దానికి వెదురుమోత అని పేరు పెట్టుకున్నాను. కావలి కాసేవాళ్లకు కూలి లేదు. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా ఒక చిన్న వెదురు గొట్టం కట్టి, సాయంత్రం దాంట్లో పిడికెడు బియ్యం పోసేవాళ్లు. ఆ బియ్యం పోగుచేసి, ఎవరికి జబ్బు చేస్తే వాళ్లకు, ఎవరింట్లో పొయ్యి వెలగకపోతే వాళ్లకు ఇచ్చేవాళ్లు. నేను చాలా రోజులు ఆ గొట్టాల్లోంచి పచ్చి బియ్యం తీసి నమిలాను. ఎలుకలు మరిగాయని పెద్దాయన గొట్టాలన్నీ ఇంకో జానెడు పైకి కట్టించాడు. అప్పుడు స్టూలు వేసుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఆ పాక దగ్గరికి పోయాను. కావలి మనిషి నమాజుకు పోయి ఉన్నాడు. కర్ర తీసుకుని రెండు కొట్టి ఆపి, మళ్లీ రెండు కొట్టాను. బాగుందనిపించి ఇంకో నాలుగైదు సార్లు అట్లాగే కొట్టాను. రెండు రెండుగా కొడితే దొంగ అని నాకు తెలియదు.

మళ్లలోంచి మగవాళ్లు కొడవళ్లతో పరిగెత్తుకొచ్చారు. ఊరి దారికి రెండు చివర్లా వెదురు గడలు అడ్డం పడ్డాయి. ఒకాయన సగం గడ్డం గీసుకుని, సగం నురగతో వచ్చాడు. స్నానం మధ్యలో లేచి, జుట్టు నీళ్లు కారుతూ ఆడవాళ్లు పిల్లల్ని ఇళ్లలోకి లాగారు. అంతా నిమిషాల్లో. నేను కోళ్ల బుట్ట వెనక నక్కాను. పెద్దాయన వచ్చి బుట్ట పక్కకు జరిపాడు. ఎముకలగూడు లాంటి మనిషి. నోట్లో లవంగాల సిగరెట్టు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. చిన్నమ్మను పిలిపించి ఏదో చెప్పాడు. ఆమె నాకు తెలుగులో చెప్పింది.

"వాడు చెప్తాడు. నువ్వు ఊరికే కొట్టినావు. మనుషులు పరిగెత్తినారు, చెమట పట్టినాడు, ఖలాస్. రేపు నిజంగా వస్తాడు, నువ్వు చూసినావు, కొట్టలేదు. అప్పుడు మనుషులే లేరు. అందుకని అనుమానం వస్తే కొట్టు. తప్పైతే అందరం టీ తాగి పోతాము."

శిక్ష మాత్రం వేశాడు. పది రోజులు ఆయన వెంట తిరిగి బియ్యం సంచి మొయ్యాలి. అట్లా తిరిగేటప్పుడే నేర్చుకున్నాను. మూడు మూడుగా కొడితే నిప్పు. నాలుగు నాలుగుగా కొడితే నీళ్లో, కొండో. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఆయన లోపలికి తల పెట్టి చూసేవాడు. ఏ ఇంట్లో మంచంలో ఉన్న ముసలామె ఏ మూల పడుకుంటుందో, ఏ ఇంట్లో చెవిటివాడు ఉన్నాడో, ఎవరు కడుపుతో ఉన్నారో ఆయనకు తెలుసు. గొట్టంలో బియ్యం లేకపోతే ఏమీ అనేవాడు కాదు. మరుసటిరోజు ఆ ఇంటికే బియ్యం పంపేవాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. మన వానల లాంటివి కావు. మధ్యాహ్నం మొదలైతే తెల్లవార్లూ ఒకే ధార. ఒక రోజు మా వంటింటి తలుపు పట్టలేదు. కింది మూల ఒరుసుకుపోయింది. "వడ్రంగి దొంగ. పచ్చి కట్టె పెట్టినాడు" అని చిన్నమ్మ విసుక్కుంది. ఇంకో రెండు రోజులకు గుంటలో పడే ఊట నీళ్లు పాలు ఎక్కువైన టీ రంగులోకి మారాయి. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తలెత్తి చూస్తే కొండ మీది వెదురు పొద ఇంటి వైపు ఒరిగి ఉంది. నిన్నటి దాకా నిటారుగా ఉండేది.

చిన్నమ్మ లోపల బట్టలు మడతపెడుతోంది. తొమ్మిదో నెల. నేను చెప్తే వినదని తెలుసు. తలుపు గురించి చెప్పినప్పుడే విన్లేదు. వానలో పరిగెత్తి కర్ర అందుకున్నాను. అప్పటికి రెండు మూడు వారాల కిందే ఊరంతా నా పుణ్యాన పరిగెత్తింది. మళ్లీ తప్పైతే ఏం మొహం పెట్టుకోవాలి అని ఒక్క క్షణం ఆగాను. తర్వాత నాలుగు కొట్టాను. మళ్లీ నాలుగు.

ఒక్కరూ తిట్టలేదు. పెద్దాయన వచ్చి, నన్నేమీ అడగకుండా నేను చూపించిన వైపు నడిచాడు. గుంట నీళ్లు దోసిట్లో తీసుకుని చూశాడు. మట్టి గోడ మీద అరచెయ్యి పెట్టాడు. అంతే. కొండ కింద వరసగా ఉన్న ఎనిమిది ఇళ్లూ ఖాళీ చెయ్యమన్నాడు. మంచంలో ఉన్న ముసలామెను దుప్పట్లో వేసి మోశారు. చిన్నమ్మ గడప పట్టుకుని నిలబడింది.

"తలుపేసి పోతే దొంగలు రారా? టీవీ ఉంది, ఫ్రిజ్జు ఉంది. ఏడేళ్ల ఇల్లు."

"ఇల్లు నేను చూస్తాలే అమ్మా. నువ్వు పద" అన్నాడు పెద్దాయన. "దారిలో ఇద్దర్ని నిలబెడతా. ఈ ఇంటికి దొంగ రాడు. ఈ ఇంటి యజమానులు కూడా రాకూడదు. నేను చెప్పేదాకా ఎవరూ రాకూడదు."

ఊరికి అవతలి వైపు, ఎత్తు లేని చోట బడి ఉంది. అందరం అక్కడికి చేరాం. మామ ఇల్లు కూడా అదే వైపు, దగ్గరే. అత్త, అంటే మామ పెళ్లాం, మాకోసం పెద్ద కుండ తెచ్చి బడి వసారాలో పొయ్యి పెట్టింది. ఆమె సన్నగా, మాట తక్కువగా ఉండేది. వాళ్లకు ఇద్దరు పిల్లలు.

ఆ రోజు కొండ పడలేదు. మరునాడు కూడా పడలేదు. మూడో రోజు పొద్దున వాన తెరిపిచ్చింది. ఎండ కూడా వచ్చింది. చాపల మీద ఒకరి కాళ్లు ఒకరికి తగులుతూ మూడు రోజులు పడి ఉన్న జనానికి చిరాకు మొదలైంది. మామ నా పక్కన కూర్చుని, "ఏమమ్మా కువైటు పిల్లా, నీ కొండ యాడ పడింది? చూపీ" అని నవ్వేవాడు. నేను తలొంచుకునేదాన్ని. పడాలని కోరుకోకూడదని తెలుసు. పడకపోతే నా మొహం చూపించలేనని కూడా తెలుసు. ఆ రెండూ ఒకేసారి మనసులో తిరిగేవి.

ఆ మధ్యాహ్నం చిన్నమ్మ, మామ బడి వెనక గోడ దగ్గర నిలబడి మాట్లాడుకోవడం విన్నాను. నేను అవతల నీళ్ల తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను.

"భూమి కాగితం పెట్టె అడుగున ఉంది. కొండ పడినా పడకపోయినా ఆ కాగితం లేకపోతే నాకేమీ లేదు" అంటోంది చిన్నమ్మ. "పోయి తీసకరా అన్నా. ఎవరికీ చెప్పొద్దు."

"పెద్దాయన పోవద్దన్నాడు."

"ఎండ వచ్చింది కదా. పది నిమిషాల పని. నేను పోలేను, చూడు ఎట్లున్నానో."

మామ ఆమె పొట్ట వైపు చూశాడు. జీవితంలో ఒక్కసారైనా ఎగతాళి చేయకుండా ఉన్నాడంటే అప్పుడే. "తాళంచెవి ఇయ్యి" అన్నాడు.

వసారా మెట్ల మీద నా పక్కనుంచి పోతూ ఆగాడు. నోటి మీద వేలు పెట్టి చూపించి, రెండు మాటలు చెప్పి, చేల గట్టు దిగిపోయాడు. దారిలో కావలి ఉన్నందువల్ల మళ్లలోంచి చుట్టూ తిరిగి పోయాడు. పెద్దాయన పదడుగుల దూరంలో కూర్చుని సిగరెట్టు చుట్టుకుంటున్నాడు. నేను లేచి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మామ నాతో రహస్యం చెప్పడం అదే మొదటిసారి. అది నాకు గొప్పగా అనిపించింది.

అత్త అన్నం వడ్డించింది. తిన్నాం. గిన్నెలు కడుగుతుండగా మొదట పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. తర్వాత పెద్ద లారీ రాళ్లు దించినట్టు ఒక చప్పుడు. అది ఆగకుండా వచ్చి, ఆగిపోయింది. పచ్చి మట్టి వాసన బడి దాకా కొట్టింది. కొండ వాలు మీద ఎర్రటి చారిక. ఎనిమిది ఇళ్లలో ఐదు కనబడలేదు. ఇటుకల ఇల్లున్న చోట వెదురు పొద నిలబడి ఉంది. కొండ మీదున్న పొద అట్లాగే దిగివచ్చి అక్కడ నిలబడింది.

ఊపిరి పీల్చుకున్నారు జనం. కొందరు నన్ను దగ్గరికి తీసుకున్నారు. పెద్దాయన మాత్రం ఇల్లిల్లూ పిలిచి మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మామ ఇంటి వంతు వచ్చినప్పుడు అత్త, "పిల్లలు, నేను" అని చెప్పి అటూ ఇటూ చూసింది. "ఆయన ఇప్పుడే ఈడే ఉండె" అంది. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె నేల వైపు చూస్తోంది.

మట్టి తవ్వగా తవ్వగా మూడో రోజుకు మామ దొరికాడు. నడుముకు ప్లాస్టిక్ కవరులో చుట్టిన భూమి కాగితం ఉంది.

అంతటితో ఊరి నోటికి మాట దొరికింది. సగం నాదేనని అనేవాడు కదా, చెల్లెలు కాన్పుకు మంచమెక్కేలోపు కాగితం దాచుకోవాలని పోయాడు అన్నారు. పైకి అనలేదు. నీళ్ల దగ్గర, టీ అంగడి దగ్గర అన్నారు. అత్త బావికి పోతే మాటలు ఆగిపోయేవి. ఆమె పెద్దకూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చిన రోజు నాకు గుర్తుంది.

ఇల్లు పోయిన మమ్మల్ని తనింట్లో పెట్టుకుంది ఆ అత్తే. మామ పోయిన తొమ్మిదో రోజు చిన్నమ్మకు ఆడపిల్ల పుట్టింది. అత్తే మంత్రసానిని పిలిచింది. అత్తే బాలింతకు అల్లం, తాటిబెల్లం కషాయం కాచి తాగించింది, నడుముకు గుడ్డ బిగించి కట్టింది. చిన్నమ్మ ఆమె చేతి అన్నం నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చునేది.

ఒకరోజు గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు తెలుగులో అన్నాను. "చిన్నమ్మా, నువ్వే పంపినావని చెప్పు."

ఆమె నా నోరు మూసింది. "నువ్వు విన్నావా?"

తలూపాను.

"చెప్తే ఈ ఇంట్లో ఉండనిస్తాడా ఆమె? పసిబిడ్డతో యాడికి పోతాము? మీ నాయన కాగితాలు ఇంకా రాలేదు."

ఆ రోజు నుంచి ముగ్గురం ఒకే చాప మీద తింటున్నా, నేను అత్త కళ్లలోకి చూడలేకపోయాను. పలకరిస్తే పరిగెత్తి బయటికి పోయేదాన్ని. ఆమె నేను కొండను చూసి భయపడ్డానని అనుకుని, పడుకునే ముందు నా తలకు కొబ్బరినూనె పెట్టి ఏదో చదివి ఊదేది.

నలభయ్యో రోజు దువా చదివించారు. ఇంటి నిండా చాపలు. అరిటాకు పొట్లాల్లో అన్నం, వేయించిన చేప. చదవడం అయ్యాక మామ దూరపు చుట్టం ఒకాయన టీ గ్లాసు అందుకుంటూ, "ఆశ మనిషిని యాడికైనా తీసకపోతుంది. అల్లా క్షమించాల" అన్నాడు. మెల్లగానే అన్నాడు. టీ ఇస్తున్న అత్త వింది. ఆమె తలెత్తలేదు. పక్కనున్న మనిషికి ఇంకో గ్లాసు ఇచ్చింది.

లోపలి గది గుమ్మంలో చిన్నమ్మ లేచి నిలబడింది. చేతిలో బిడ్డ.

"మా అన్న ఆశపడి పోలేదు. నేను పంపినా. కాగితం నాకోసం తెమ్మన్నా. వద్దన్నాడు. నేనే పట్టుబట్టి పంపినా."

పెద్దాయన అడిగాడు. "నేను పోవద్దన్నానని తెలిసీ పంపినావా?"

"తెలిసే పంపినా."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"భయపడినా."

అత్త గ్లాసుల పళ్లెం కింద పెట్టి చిన్నమ్మ దగ్గరికి నడిచింది. కొడుతుందనే అనుకున్నాను. చిన్నమ్మ చేతుల్లోంచి బిడ్డ జారిపోయేలా ఉంది. అత్త బిడ్డను తీసుకుని భుజాన వేసుకుని లోపలికి పోయింది. తర్వాత చాలా రోజులు ఆమె చిన్నమ్మతో మాట్లాడలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు. వేళకు అన్నం పెట్టేది, బిడ్డకు నీళ్లు పోసేది. చిన్నమ్మ ఆ భూమి కాగితం తీసుకుపోయి పెద్దాయన చేతిలో పెట్టి, అన్న పిల్లల పేరు మీద రాయించింది. అక్కడ ఇంకెవరూ ఇల్లు కట్టకూడదని పెద్దాయన ఊరందరి చేతా మాట తీసుకున్నాడు.

ఎండాకాలంలో నాయన కాగితాలు వచ్చాయి. మేం కువైట్ చేరాం. చిన్నమ్మ మళ్లీ ఎప్పుడూ ఇల్లు కడతానని అనలేదు.

కొన్నేళ్లకు అత్త కూడా కువైట్ వచ్చింది. పిల్లల చదువుల కోసం, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో పనికి. వీసా కోసం తిరిగింది మా నాయనే. శుక్రవారం సెలవు దొరికితే ఫర్వానియా బస్సెక్కి మా గదికి వచ్చేది. చిన్నమ్మ, ఆమె పక్కపక్కన కూర్చుని ఆకుకూర వలుచుకుంటూ వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు. మామ మాట మాత్రం నా ముందు ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు.

ఒక శుక్రవారం చిన్నమ్మ కూరగాయలకు పోయింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. అత్త నా వైపు చూడకుండానే అడిగింది. "ఆ పొద్దు ఆయన పోయేటప్పుడు నువ్వు మెట్ల మీద ఉన్నావంట కదా. మీ చిన్నమ్మ చెప్పింది. ఏమన్నా చెప్పినాడా?"

అన్నేళ్లు దాచుకున్నాను. నాయనకు కూడా చెప్పలేదు.

"చెప్పినాడు అత్తా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. తొందరగా వస్తా, కుండ అడుగున మాడు నాకు ఉంచమని మీ అత్తకు చెప్పు అన్నాడు."

ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉంది.

"నేను నీకు చెప్పలేదు. ఆయన పోయిన సంగతి పెద్దాయనకూ చెప్పలేదు. మాడు ఎవరికి అని నువ్వు అడిగినావు. నాకు అన్నాను. నేనే తినేసినా."

మాడు ఉంచమన్న ఆ మాటను అత్త తనలో తాను వాళ్ల భాషలో ఒకసారి అనుకుంది. మళ్లీ నన్ను చెప్పమంది. చెప్పాను. "మాడంటే చచ్చేవాడు" అంది. ఏడవలేదు. పెళ్లయిన కొత్తలో దాని కోసం ఆయన బావమరిదితో కొట్లాడిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. మామ గురించి ఆమె నోటి వెంట వినడం నాకదే మొదలు. ఆపకుండా చెప్పింది. చిన్నమ్మ సంచులతో వచ్చి గుమ్మంలో నిలబడి వింది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

మరుసటి శుక్రవారం అత్త ఒక స్టీలు డబ్బా తెచ్చింది. తను పనిచేసే ఇంట్లో ఆ రోజు మచ్బూస్ అనే మాంసం అన్నం వండారట. పెద్ద గిన్నె అడుగున పట్టిన మాడును గరిటెతో గీకి, వేడి మీదే మూత పెట్టుకుని, రెండు బస్సులు మారి తెచ్చింది. మూడు ముక్కలు చేసింది. చిన్నమ్మకొకటి, నాకొకటి, తనకొకటి. కరకరమని నమలుతూ ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు వాళ్లిద్దరూ ఆ ఊళ్లోనే, అత్త ఇంట్లో ముసలివాళ్లయ్యారు. పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఊరికి తారు రోడ్డు, వీధి దీపాలు వచ్చాయని, గుమ్మాల దగ్గర బియ్యం పోసేవాళ్లు ఇప్పుడు నలుగురైదుగురే అని అక్కడ పుట్టిన నా చెల్లెలు చెప్తుంది. నేను చూసిన ఊరు ఇప్పుడు లేదు. నేను అక్కడ ఉన్నది ఏడాది కూడా కాదు. అయినా నా బతుకులో నాకు అత్యంత సిగ్గుగా ఉన్న పని, అత్యంత మంచి పని, రెండూ మూడు రోజుల లోపే అక్కడే చేశాను. కొండ కింది ఇళ్లలోని ఇరవై ఏడు మంది బతికారని ఊరు నన్ను మెచ్చుకునేది. నేను లెక్కపెట్టుకునేది మాత్రం ఆ ఒక్క మనిషినే. అత్త ఆ లెక్క తన చేతులతో చెరిపేయాలని చూసింది. పూర్తిగా చెరగలేదు. కానీ మాడు పంచుకున్న ఆ శుక్రవారం తర్వాత నేను నిద్రపోగలిగాను.